కఠిన జలం, ఇంటి యంత్రాలు

కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉన్న నీరు కఠిన జలం. ఇది పాఠ్యపుస్తకం మాట. ఇళ్లలో దీన్ని బోరు నీళ్లనో, ఉప్పు నీళ్లనో, చవుడు నీళ్లనో అంటారు. గ్లాసులో పోసి చూస్తే తేటగానే ఉంటాయి. మురికి కనపడదు, వాసన రాదు. అయినా ఆ నీళ్లకు కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, షవర్ రంధ్రాలు పూడిపోతాయి, గీజర్ ఎలిమెంట్ కాలిపోతుంది, స్టీలు గ్లాసు ఎంత తోమినా తెల్లటి మచ్చ వదలదు. ఈ ఫిర్యాదులన్నిటికీ కారణం ఒకటే. ఆ నీళ్లలో రాయి కరిగి ఉంది, వీలు చిక్కిన చోటల్లా అది మళ్లీ రాయిగా పేరుకుంటుంది.

నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి గట్టి పొరను తెలుగులో గార అంటాం. పాతకాలపు గోడలకు పూసిన సున్నపు పూతా గారే. ఒకే మాట రెంటికీ వాడటం రసాయన శాస్త్రానికి కూడా సమ్మతమే. సున్నపు గార గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడినప్పుడు తయారయ్యేది కాల్షియం కార్బొనేటు, గిన్నె అడుగున పట్టేదీ ప్రధానంగా అదే. పళ్లకు పట్టే గార మాత్రం వేరు, అందులో ఎక్కువ భాగం కాల్షియం ఫాస్ఫేటు.

కఠిన జలం ఒక యంత్రాన్ని ఎలా పాడుచేస్తుందన్నది ఆ యంత్రం నీళ్లను ఏం చేస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. గీజర్ కాస్తుంది, కూలర్ ఆవిరి చేస్తుంది, వాషింగ్ మెషిన్ సబ్బుతో కలుపుతుంది, ఆర్‌ఓ యంత్రం సన్నటి పొరగుండా నెడుతుంది. ఒక్కో చోట జరిగే నష్టం ఒక్కో రకం, దాని మందూ వేరే. అన్నిటికీ ఒకే పరికరం చాలునని అమ్మేవాళ్లు చెప్పే మాటను ఈ కారణంగానే నమ్మకూడదు.

రాయి నీళ్లలోకి వచ్చే దారి

వాన నీళ్లలో కాఠిన్యత దాదాపు ఉండదు. అవి మట్టిలోకి ఇంకేటప్పుడు, వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లంగా మారతాయి. సున్నపురాయి మామూలు నీళ్లలో కరగదనే చెప్పాలి. ఈ ఆమ్లం తగిలితే మాత్రం కాల్షియం బైకార్బొనేటుగా మారి కరిగిపోతుంది. నీళ్లలోంచి కార్బన్ డయాక్సైడు బయటికి పోయిందా, బైకార్బొనేటు మళ్లీ కార్బొనేటవుతుంది, రాయి తిరిగొస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని బొర్రా గుహలు, నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఈ రాకపోకలకు సాక్ష్యాలు. రాయి కరిగిన చోట గుహ ఏర్పడింది. పైకప్పు నుంచి జారే చుక్క గాలి తగిలి కార్బన్ డయాక్సైడును వదిలిన చోట రాతి ఊడలు దిగాయి. గుహలో వేల ఏళ్లు పట్టే ఆ పనినే గీజర్‌లోని వేడి రెండు మూడేళ్లలో చేసి చూపిస్తుంది.

కడప, కర్నూలు, నంద్యాల, పల్నాడు జిల్లాల్లో సున్నపురాతి పొరలు విస్తారంగా ఉన్నాయి. వంటింటి గట్టు మీద పరిచే నల్ల కడప బండ, బేతంచెర్ల బండ, తెలంగాణలో తాండూరు బండ, అన్నీ సున్నపురాళ్లే. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు వెలిసిందీ, ఈ జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలు బారులు తీరిందీ ఆ రాయి ఉండబట్టే. అలాంటి నేలలో వేసిన బోరు నీళ్లు కఠినంగా ఉండటంలో వింతేమీ లేదు. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు. సున్నపురాయి కాకపోయినా అక్కడి బోరు నీళ్లూ చాలా చోట్ల కఠినమే. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు శిథిలమయ్యేకొద్దీ కాల్షియం విడుదలవుతుంది, పైమట్టిలో గడ్డకట్టిన సుద్ద కూడా తన వంతు కలుపుతుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లకు ఆ ఖనిజాలను పట్టుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంటుంది.

అందుకే ఒకే ఇంట్లో రెండు నల్లాలకు రెండు గుణాలు. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే నల్లా కింద సబ్బు చక్కగా నురుగుతుంది. బోరు నల్లా కింద తెట్టు కడుతుంది. నదికీ జలాశయానికీ రాయితో సావాసం తక్కువ. వేసవిలో సరఫరా తగ్గి ట్యాంకర్ పిలిపించుకునే ఇళ్లలో ఆ రెండు నెలలే యంత్రాలకు గడ్డుకాలం, ఎందుకంటే ట్యాంకర్ నీళ్లు సాధారణంగా ఏదో ఒక బోరువే. సముద్ర తీరానికి దగ్గరి బోర్లలోకి ఉప్పునీరు చొరబడితే మెగ్నీషియం, క్లోరైడ్లు కూడా తోడవుతాయి.

వాడుక పేర్లు ఇక్కడ కొంచెం తికమక పెడతాయి. ఉప్పగా ఉన్నవన్నీ కఠిన జలాలు కావు. చవుడు నేలల్లోని నీళ్లలో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే అవి కాల్షియాన్ని అక్కడే అవక్షేపంగా దించేస్తాయి. అలాంటి నీళ్లు నాలుకకు జిడ్డుగా, చప్పగా అనిపించినా కాఠిన్యత తక్కువే. ఫ్లోరైడు సంగతీ ఇంతే. నల్లగొండ పేరు చెప్పగానే కఠిన జలం, ఫ్లోరైడు రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. నిజానికి కాల్షియం ఎక్కువున్న నీళ్లలో ఫ్లోరైడు కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు దిగుతుంది కాబట్టి, ఫ్లోరైడు బాగా ఎక్కువున్న నీళ్లలో తరచు కాల్షియం తక్కువగా కనిపిస్తుంది. గీజర్‌లో గార పట్టకపోవడం ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయనడానికి రుజువు కాదు.

కొలత

నీళ్లలో ఏ లవణం ఉన్నా దాన్ని కాల్షియం కార్బొనేటు లెక్కలోకి మార్చి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్పడం ఆనవాయితీ. అమెరికా భూవిజ్ఞాన సర్వే వర్గీకరణలో 60 వరకు మృదు జలం, 61 నుంచి 120 వరకు ఓ మోస్తరు కాఠిన్యత, 121 నుంచి 180 వరకు కఠినం, ఆపైన అతి కఠినం. మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 (2012) ప్రకారం ఆమోదయోగ్యమైన పరిమితి 200, వేరే ఆధారం లేనిచోట 600 దాకా అనుమతిస్తారు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మన దగ్గర అనుమతించిన నీళ్లు ఆ వర్గీకరణలో అతి కఠిన జలాలు. 600 అన్నది మనిషి తాగడానికి పెట్టిన హద్దు, గీజర్ కోసం పెట్టింది కాదు. నీటి పరీక్ష నివేదికలో పరిమితికి లోబడి ఉందని చూసుకుని యంత్రాల విషయంలో నిశ్చింతగా ఉండటం పొరపాటు.

విదేశీ యంత్రాల పుస్తకాల్లో జర్మన్ డిగ్రీలు కనిపిస్తాయి. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాములు. మన నీళ్లు 500 ఉంటే 28 డిగ్రీలన్నమాట. ప్రయోగశాలలో ఈడీటీఏ అనే ద్రావణాన్ని బొట్టుబొట్టుగా కలుపుతూ కొలుస్తారు. సూచిక రంగు ద్రాక్షసారా ఎరుపు నుంచి నీలానికి తిరిగిన చోట లెక్క ఆపుతారు. ఇంట్లో అయితే ఒక సీసాలో ఆర్‌ఓ నీళ్లు, మరో సీసాలో బోరు నీళ్లు సమానంగా పోసి, రెంటిలోనూ అంతే సబ్బు ముక్క వేసి గిలకొట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. నీళ్లలో ముంచి రంగు చూసే కాగితపు పట్టీలూ దొరుకుతాయి. ఆర్‌ఓ మెకానిక్ జేబులో ఉండే టీడీఎస్ మీటర్ మాత్రం కాఠిన్యతను కొలవదు. అది నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతుందో చూసి మొత్తం లవణాలను అంచనా కడుతుంది. వంటుప్పు కలిపినా దానిలో అంకె పెరుగుతుంది.

వంటింటి పరీక్ష మరొకటి ఉంది, అది మన అమ్మమ్మలది: పప్పు. పప్పు బద్దలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌తో నీటిలోని కాల్షియం కలిసి గట్టి జిగురవుతుంది. ఎంతసేపు మరిగినా బద్ద మెదగదు, గ్యాస్ మాత్రం అయిపోతుంది. చిటికెడు వంటసోడా వేయడం ఈ చిక్కుకు పాత మందు. కొత్త ఊరికి కాపురానికి వచ్చినవాళ్లు ఇక్కడి నీళ్లకు పప్పు ఉడుకుతుందా అని పక్కింటి వాళ్లను అడగడంలో ఒక పరీక్ష నివేదికంత సమాచారం దాగి ఉంది.

కాచే యంత్రాలు

బైకార్బొనేట్ల వల్ల వచ్చే కాఠిన్యతను తాత్కాలిక కాఠిన్యత అంటారు, మరిగిస్తే పోతుంది కాబట్టి. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది శాశ్వత కాఠిన్యత, మరిగించినా పోదు. గార కట్టే పని ఎక్కువగా మొదటి రకానిదే. తాత్కాలికమన్న పేరు ఇంటివాళ్ల దృష్టిలో కొంత మోసపుచ్చేదే. నీళ్లలోంచి పోతుంది నిజమే, పోయి గీజర్‌లో స్థిరపడుతుంది. పంచదార, ఉప్పు వేడి పెరిగేకొద్దీ బాగా కరుగుతాయి. కాల్షియం కార్బొనేటుది ఎదురు వరస, వేడెక్కేకొద్దీ కరిగే శక్తి తగ్గుతుంది. కాబట్టి యంత్రంలో అన్నిటికంటే వేడిగా ఉండే చోటే, అంటే ఎలిమెంట్ ఒంటి మీదే, మొదటి పొర పడుతుంది.

ఎంత పడుతుందో ఒక లెక్క కట్టి చూద్దాం. తాత్కాలిక కాఠిన్యత లీటరుకు 400 మిల్లీగ్రాములున్న నీళ్లను ఒక కుటుంబం రోజుకు 100 లీటర్లు కాచుకుంటే, గీజర్ గుండా రోజూ 40 గ్రాముల రాయి ప్రయాణిస్తుంది, ఏడాదికి 14 కిలోల పైమాట. అందులో చాలా భాగం నీళ్లతోపాటే బకెట్లోకి వెళ్లిపోతుంది. పదోవంతు ఆగిపోయినా కిలోన్నర. గీజర్ విప్పిన మెకానిక్ తెల్లటి పెంకులను దోసిళ్లతో తీసి బకెట్లో పోయడం ఎవరైనా ఒకసారి చూస్తే ఈ లెక్క మరిచిపోరు.

గార వేడిని సరిగా పోనివ్వదు. రాగితో పోలిస్తే దాని ఉష్ణవాహకత వందో వంతు కూడా ఉండదు. ఎలిమెంట్‌లో పుట్టిన వేడి నీళ్లలోకి వెళ్లాలంటే ఈ పొరను దాటాలి, దాటడం కష్టమయ్యేకొద్దీ లోపలి తీగ మరింత కాగుతుంది. చివరికి తీగ కాలిపోతుంది, లేదా పైతొడుగు పగులుతుంది. తొడుగు పగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఎర్తింగ్, లీకేజీ కరెంటును పసిగట్టే బ్రేకర్ సరిగా లేని ఇంట్లో ఇది ప్రాణాపాయం. గీజర్ వేసినప్పుడల్లా బ్రేకర్ పడిపోతుంటే బ్రేకర్‌ను తిట్టకుండా ఎలిమెంట్‌ను చూపించుకోవాలి. గీజర్ లోపల గుడగుడమని, టపటపమని చప్పుడు రావడం అంతకంటే ముందు కనిపించే గుర్తు. గార పెంకుల కింద చిక్కుకున్న నీళ్లు మరిగి బుడగలై బయటికి తన్నుకొస్తున్నాయని అర్థం.

కరెంటు బిల్లు గురించి ఒక మాట సరిదిద్దాలి. గార పట్టిన గీజర్ విపరీతంగా కరెంటు తాగుతుందని ప్రకటనలు బెదిరిస్తాయి. నీళ్లలో మునిగి ఉండే విద్యుత్ ఎలిమెంట్ విషయంలో ఇది దాదాపు నిజం కాదు. దానిలో పుట్టిన వేడికి నీళ్లలోకి తప్ప పోవడానికి మరో దారి లేదు, ఆలస్యంగానైనా అక్కడికే చేరుతుంది. నష్టమంతా ఎలిమెంట్ ఆయుష్షుకు, గార ఆక్రమించిన మేర తగ్గిపోయే ట్యాంకు చోటుకు, గార పట్టి సరిగా స్పందించని థర్మోస్టాట్‌కు. గ్యాస్ గీజర్ కథ వేరు. అక్కడ మంట బయట ఉంటుంది, వేడి గొట్టం గోడగుండా నీళ్లలోకి దిగాలి. గోడ లోపల గార ఉంటే వేడి పొగతోపాటు బయటికి పోతుంది, ఇంధనం నిజంగానే వృథా అవుతుంది. ఒకప్పుడు ఆవిరి యంత్రాలు, రైలింజన్ల బాయిలర్లు నడిపినవాళ్లు గారకు అంతగా భయపడింది ఇందుకే. అక్కడ బొగ్గు వృథా కావడంతో ఆగక, గార కింద ఎర్రగా కాగిన లోహం మెత్తబడి బాయిలర్ పేలే ప్రమాదమూ ఉండేది.

ట్యాంకు గీజర్‌లో మెగ్నీషియం ఆనోడ్ కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను ముందు కరిగిపోవడం దాని పని. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లలో అది తొందరగా అరిగిపోతుంది. మన ఇళ్లలో దాన్ని మార్చించే అలవాటే లేదు, ట్యాంకు కారడం మొదలయ్యాకే దాని పేరు వినపడుతుంది. పీడనం పెరిగితే తెరుచుకోవాల్సిన సేఫ్టీ వాల్వ్ గారతో బిగుసుకుపోవడం ఇంకా ప్రమాదం. సర్వీసుకు వచ్చినవాళ్లతో ఆ రెండూ చూపించుకోవాలి. 60 డిగ్రీలు దాటాక గార పట్టే వేగం బాగా పెరుగుతుంది కాబట్టి, స్నానానికి ఎటూ చన్నీళ్లు కలుపుకునే మనం 75 డిగ్రీల దాకా కాచడంలో లాభమేమీ లేదు.

ఇన్‌స్టంట్ గీజర్‌లో నీళ్లు కొద్ది, వేడి ఎక్కువ. గార పట్టడానికి అది మరీ అనువు. కఠిన జలాలున్న ఇంటికి అది సరిపోదనే నా అభిప్రాయం. సోలార్ హీటర్లలో సన్నటి రాగి గొట్టాలున్న రకం పూడుకుపోతుంది. వెడల్పు గాజు గొట్టాల రకం కొంత నయం, అందులోనూ గార అడుగున చేరుతుంది. బకెట్లో వేసే రాడ్డుకు ఉన్న సుగుణం, గార కళ్లెదుటే కనపడుతుంది, గీకి పారేయవచ్చు. ఎలక్ట్రిక్ కెటిల్ కూడా అంతే.

సబ్బు దగ్గర

సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కాల్షియం తగిలితే అది కరగని కాల్షియం లవణమై తెల్లటి తెట్టుగా విడిపోతుంది. నీళ్లలోని కాల్షియమంతా ఇలా తీరాకే మిగిలిన సబ్బు నురగనిస్తుంది. సోడియం స్టియరేట్‌ను సబ్బుగా తీసుకుని లెక్కగడితే ఒక గ్రాము కాఠిన్యత సుమారు 6 గ్రాముల సబ్బును మింగుతుంది. 500 మిల్లీగ్రాముల నీళ్లు 20 లీటర్ల బకెట్టు నిండా ఉంటే అందులో 10 గ్రాముల కాఠిన్యత, అంటే 60 గ్రాముల సబ్బు. నురగ కనపడకముందే సగం బిళ్లకు పైగా నీళ్లపాలు. ఆ తెట్టే బాత్‌రూమ్ గోడల మీద బూడిదరంగు జిడ్డుగా, తలకు పోసుకుంటే జుట్టుకు గరుకుగా, తెల్లచొక్కా మీద మాసిన వన్నెగా అంటుకుంటుంది.

పాత పద్ధతులు ఈ చిక్కును ఎరిగినవే. కుంకుడుకాయలోని సపోనిన్లు సబ్బులాగా కాల్షియంతో గడ్డకట్టవు కాబట్టి కుంకుడు రసం బోరు నీళ్లలోనూ నురుగుతుంది. చాకళ్లు చవుడు మన్నులో, తర్వాత సోడాలో బట్టలు ఉడకబెట్టేవారు. ఆ సోడియం కార్బొనేటు ముందు కాల్షియాన్ని దించేసి సబ్బుకు దారి చేసేది. నేటి డిటర్జెంట్ పొడుల్లోనూ అదే సూత్రం. సర్ఫ్ 1959లో, నిర్మా 1969లో మన మార్కెట్లోకి వచ్చాయి. డిటర్జెంట్లు సబ్బంత సులువుగా గడ్డకట్టవు, పైగా వాటిలో కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థాలు కలుపుతారు. ఒకప్పుడు ఫాస్ఫేట్లు కలిపేవారు, అవి చెరువుల్లో చేరి నాచు విపరీతంగా పెరగడంతో చాలా దేశాల్లో వాటి బదులు జియోలైట్లు వాడుతున్నారు. చవకరకం పొడుల్లో చాకలి సోడా పాలు ఎక్కువ. అది దించిన కాల్షియం కార్బొనేటు ఎక్కడికీ పోదు, బట్ట నేతలోనూ, మెషిన్ డ్రమ్ము వెనకా పేరుకుంటుంది.

ఫ్రంట్ లోడ్ మెషిన్‌కు రెండు వైపులా దెబ్బ. లోపల హీటర్ ఉంది కాబట్టి గీజర్ జబ్బూ, డిటర్జెంట్ ఉంది కాబట్టి తెట్టు జబ్బూ. గొట్టం చివర ఉండే సన్నటి జల్లెడ పూడుకుపోతే నీళ్లు రావడం లేదని మెషిన్ ఆగిపోతుంది. సర్వీసు మనిషిని పిలిచేముందు ఆ జల్లెడ తీసి కడిగి చూడటం మేలు. బోరు నీళ్లయితే డబ్బా మీద కఠిన జలానికి రాసిన మోతాదు ప్రకారం పొడి వేయాలి, నురగ చూసి కాదు.

డిష్‌వాషర్ తయారుచేసినవాళ్లు ఈ సమస్యను యంత్రంలోనే పెట్టి పరిష్కరించారు. దానిలో చిన్న మెత్తబరిచే అర, ఉప్పు పోసే గిన్నె ఉంటాయి. నీటి కాఠిన్యత అంకె మనమే పెట్టాలి. చాలా ఇళ్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంకె అలాగే ఉండిపోతుంది, గాజు గ్లాసులు మసకబారి యంత్రం మంచిది కాదన్న పేరు వస్తుంది. అయొడిన్ కలిపిన మెత్తటి వంటుప్పు దానికి పనికిరాదు, దాని కోసం అమ్మే గరుకు ఉప్పే పోయాలి.

నీళ్లు ఆరిపోయే చోట

కూలర్ నీళ్లను కాచదు, ఆవిరి చేస్తుంది. ఆవిరయ్యేది నీరే, లవణాలన్నీ మిగిలిపోతాయి, తాత్కాలికం శాశ్వతం తేడా లేకుండా. రోజుకు 40 లీటర్లు తాగే కూలర్‌లో 500 మిల్లీగ్రాముల నీళ్లు పోస్తే కాఠిన్యత ఒక్కటే రోజుకు 20 గ్రాములు మిగులుతుంది. తొట్టి ఖాళీ అయ్యేకొద్దీ పైనుంచి నింపుతూ పోతే చిక్కబడిన ఆ నీళ్లే గడ్డి మీద తిరుగుతుంటాయి. గడ్డి పెళుసెక్కి పెంకు కడుతుంది, తేనెపట్టు ప్యాడ్ల రంధ్రాలు మూసుకుంటాయి, మోటారు బిగుసుకుంటుంది. వారానికి ఒకటి రెండుసార్లు తొట్టి అడుగు బిరడా తీసి నీళ్లన్నీ పారబోయడం కంటే దీనికి మంచి మందు లేదు.

షవర్ రంధ్రాలు, నల్లా మూతి జల్లెడ పూడుకోవడమూ ఇదే తీరు, చివరి చుక్క అక్కడే ఆరుతుంది. స్టీమ్ ఇస్త్రీపెట్టెలో కాచడం, ఆవిరి చేయడం రెండూ ఉన్నాయి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోయడం మేలు. ఏసీ నుంచి కారే నీళ్లలో కాఠిన్యత ఉండదన్నది నిజం, కానీ కాయిల్ మీది దుమ్ము, లోహపు జాడలు ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీ విషయంలో ఏ సర్దుబాటూ వద్దు. అందులోని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కాల్షియం కలిసి కరగని సల్ఫేటవుతుంది, క్లోరైడు, ఇనుము ప్లేట్లను తినేస్తాయి. ఆ నష్టాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు.

ఆర్‌ఓ యంత్రం

రివర్స్ ఆస్మాసిస్ పొరను ఆచరణలోకి తెచ్చింది 1950ల చివర, 1960ల మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలస్‌లో పనిచేసిన సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్. సముద్రపు నీటిని తాగునీరు చేయడం వారి లక్ష్యం, ఇప్పుడది మన వంటింటి గోడ మీద వేలాడుతోంది. పొరగుండా నీళ్లు వెళ్లిపోతాయి, లవణాలు ఇవతలే ఆగి చిక్కబడతాయి. ఒక లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు బయటికి పోయే యంత్రంలో ఆ వ్యర్థపు నీళ్లు లోపలికి వచ్చినవాటికంటే మూడోవంతు మాత్రమే చిక్కన: 600 ఉన్నవి 800 అవుతాయి. అదే మూడు లీటర్ల మంచినీళ్లు తీసుకుని ఒక లీటరే బయటికి వదిలితే 600 కాస్తా 2,400 అవుతుంది, పొర మీద గార గట్టిగా కడుతుంది. వృథాగా పోతున్నాయని మనం బాధపడే నీళ్లలో కొంత భాగం ఆ పొరను కడుగుతూ కాపాడుతున్నవే. వ్యర్థపు గొట్టాన్ని బిగించి నీళ్లు ఆదా చేయబోతే పొర త్వరగా పోతుంది.

ఆ నీళ్లను పట్టి టాయిలెట్‌కూ, వాకిలి కడగడానికీ వాడటం మంచి అలవాటు. కూలర్‌లో, గీజర్ ట్యాంకులో పోయకూడదు. సరఫరా నీళ్లలో లవణాలు తక్కువైతే సాధారణంగా ఆర్‌ఓ అవసరమే ఉండదు. టీడీఎస్ 500 లోపున్న చోట వీటి వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా.

గార తీయడం

కాల్షియం కార్బొనేటును పులుపు కరిగిస్తుంది, బుసబుస పొంగేది కార్బన్ డయాక్సైడు. కెటిల్‌కు, షవర్ తలకు లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. గోరువెచ్చగా చేసి అరగంట నానబెట్టి, పొంగు ఆగాక కడిగేయాలి. మరిగించకూడదు, వేడి ఎక్కువైతే కాల్షియం సిట్రేట్ తిరిగి తెల్లపొరగా దిగుతుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది, కానీ రబ్బరు వాషర్లకు పదేపదే తగలడం మంచిది కాదు. వాషింగ్ మెషిన్‌కైతే దానితో వచ్చిన పుస్తకం ఒప్పుకున్న మందే వేయాలి. శాశ్వత కాఠిన్యతలోని సల్ఫేటు వల్ల పట్టిన గార పులుపుకు లొంగదు.

బాత్‌రూమ్ యాసిడ్ తొందరగా పనిచేస్తుందన్న ఆశతో క్రోమ్ నల్లాల మీద పోస్తే పైమెరుగు లేచిపోతుంది. నేల తాండూరు బండదో, పాలరాయిదో అయితే మరీ జాగ్రత్త. ఆ రాయీ కాల్షియం కార్బొనేటే, యాసిడ్‌కు గారకూ బండకూ తేడా తెలియదు. వంటింటి కడప బండ మీద నిమ్మచెక్క ఉంచిన చోట నునుపు పోవడమూ అందుకే. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో అది మనిషిని పడేస్తుంది.

నీటిని మెత్తబరచడం

1841లో స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ లండన్ నీటి కోసం ఒక పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సున్నం ఎక్కువున్న నీళ్లలో మరికొంత సున్నం కలపడమే ఆ పద్ధతి. ముల్లును ముల్లుతో తీసినట్టు, కలిపిన సున్నం బైకార్బొనేటును కార్బొనేటుగా మార్చి రెండూ కలిసి అడుగుకు దిగుతాయి. ఊరు మొత్తానికి నీళ్లు శుద్ధిచేసే చోట ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో రాబర్ట్ గాన్స్ కృత్రిమ జియోలైట్లతో అయాన్ల మార్పిడి మొదలుపెట్టాడు. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్తలు దానికి కృత్రిమ రెజిన్ కనిపెట్టారు.

ఇప్పటి సాఫ్ట్‌నర్లన్నీ ఆ వంశానివే. రెజిన్ పూసలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్లు పంపితే కాల్షియం వదిలి మళ్లీ సోడియాన్ని తీసుకుంటాయి. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యతను పట్టగలదనుకుంటే, 25 లీటర్ల రెజిన్ ఉన్న యంత్రం 500 మిల్లీగ్రాముల నీళ్లను 2,500 లీటర్ల దాకా మెత్తబరిచి అలసిపోతుంది. నల్లాకు బిగించే గుప్పెడు సైజు ఫిల్టర్ ఇల్లంతటికీ మృదు జలం ఇస్తుందన్న మాటను ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు. టెక్సస్, అరిజోనాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గరాజులో ఉప్పు బస్తాలతో నడిచే ఈ యంత్రం పరిచయమే.

సాఫ్ట్‌నర్ తర్వాత టీడీఎస్ మీటర్‌లో అంకె దాదాపు మారదు, కాల్షియం పోయి సోడియం వచ్చింది కాబట్టి. మోసపోయామనుకోనక్కరలేదు, సబ్బు పరీక్ష చేసి చూడాలి. 500 కాఠిన్యత పూర్తిగా తీస్తే లీటరుకు 230 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. రక్తపోటు ఉన్నవాళ్లు ఆ నీళ్లు నేరుగా తాగకూడదు, మొక్కలకూ పోయకూడదు. కఠిన జలం తాగడం మాత్రం అంత భయపడాల్సిన విషయం కాదు. కాఠిన్యత ఆరోగ్యానికి హానికరమని చెప్పే పరిమితి దేన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టలేదు. పూర్తిగా మెత్తబరచడమూ యంత్రాలకు మేలు కాదు. మరీ మృదు జలం లోహపు గొట్టాలను తినేస్తుంది, పలుచటి గార పొర వాటికి కవచం. అందుకే 100 దగ్గర ఆపుకోవడం సబబు.

పటిక కాఠిన్యతను తీయదు. అది మట్టిని దించుతుంది, పైగా బైకార్బొనేటును సల్ఫేటుగా మార్చి తాత్కాలిక కాఠిన్యతను శాశ్వతం చేస్తుంది. ఇండుప గింజ కూడా నీళ్లను తేర్చుతుంది, అంతే. బొగ్గు ఫిల్టర్, అతినీలలోహిత దీపం కాల్షియాన్ని తాకవు. గొట్టానికి చుట్టే అయస్కాంత పరికరాల ఫలితాలు ఒక చోట కనిపించి మరో చోట కనిపించకపోవడం చూస్తున్నాం. అవి కాఠిన్యతను తగ్గించవన్నది మాత్రం ముందూ వెనకా నీళ్లు పరీక్షిస్తే తేలిపోతుంది.

అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి పెట్టే సాఫ్ట్‌నర్‌కు బస్తాలకొద్దీ ఉప్పు పడుతుంది, కడిగినప్పుడల్లా ఆ ఉప్పూ, రెజిన్ వదిలిన కాల్షియమూ కలిసి బయటికి వస్తాయి. ఆ గొట్టాన్ని ఎక్కడికి కలిపారో కొనేముందే అడగాలి. వాననీళ్ల కోసం తవ్విన ఇంకుడు గుంతలోకి కలిపితే, అవి తిరిగి చేరేది ఆ ఆవరణలోని బోరులోకే.